చిలుక ముందు నిలబడ్డవాడు

టైరు అంచు కింద ఇనుపబద్ద దూర్చి, ఎర్మీనియో కోస్మె ఒంటి బరువంతా దాని మీద మోపాడు. టైరు కిర్రుమంటూ ఒక పక్కకి లేచింది. రెండో బద్ద కూడా దూర్చి, చుట్టూ తిరుగుతూ జానెడు జానెడు చొప్పున రిమ్ము నుంచి ఊడదీశాడు. కొట్లో ఈ పనికి మిషను ఉంది. నాలుగేళ్ల క్రితం యజమాని చాగో ముచ్చటపడి కొన్నాడు. అయినా ఎర్మీనియో చేత్తోనే చేస్తాడు. మిషను కంటే రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. ఆ రెండు నిమిషాల గురించి చాగో నాలుగేళ్లుగా సణుగుతూనే ఉన్నాడు.

ఎర్మీనియోకి అరవై రెండేళ్లు. పొట్టి మనిషి, దొడ్డికాళ్లు. మెడ ఉందో లేదో తెలియనంత పైకి ఉంటాయి భుజాలు. ముఖంలో గుర్తుపెట్టుకోదగ్గది ఏదీ లేదు. ఒక దీవి తీరాన ఉన్న అర్రోయో ఊళ్లో నలభై ఏళ్లుగా అందరి బళ్లకీ పంక్చర్లు వేస్తున్నాడు. అయినా వీధిలో ఎదురుపడితే ఎక్కడో చూశానే అనుకుంటూ దాటిపోయేవాళ్లే ఎక్కువ. చేతులు మాత్రం వేరు. వెడల్పాటి అరచేతులు, పొడుగాటి వేళ్లు, ఇంకెవరో పెద్దమనిషివి తెచ్చి ఈ పొట్టి ఒంటికి తగిలించినట్టుంటాయి. వేలిగీతల్లో ఇంకిన రబ్బరు నలుపు ఏ సబ్బుకీ లొంగదు. పెళ్లి దాకా వచ్చి తప్పిపోయింది ఒకటుంది. దాని గురించి అతను మాట్లాడడు, మనమూ మాట్లాడవద్దు.

జూలై నెల, శనివారం. సముద్రం అవతలి ఎడారి నుంచి లేచిన దుమ్ము మూడు రోజులుగా ఆకాశాన్ని కమ్మి ఉంది. ఎండ ఉంది గాని వెలుగు లేదు. ఊపిరి తీసుకుంటే గొంతులో గరగర.

"ఏం పెద్దాయనా, ఇవాళ చిలుక ఎగిరిపోతోందటగా?" అన్నాడు చాగో, కొట్టు గుమ్మంలో కుర్చీ వాల్చుకుని.

"పదింటికి వస్తాడు."

"ఎవరో?"

"ఒరోకోవిస్ ఆయన."

"కొండమీదికా? అక్కడ రోడ్డు తిన్నగా యాభై గజాలు కూడా ఉండదు. పందెం పెడితే పాములే పెట్టాలి." చాగో తన మాటకి తనే నవ్వుకున్నాడు. "ఆ వెనక ఇరుసు ఒక్కటీ ఇప్పించండి అంటే మీ విల్బెర్తో ససేమిరా అన్నాడు. మీరైనా ఒక మాట సాయం చేశారు కాదు."

"ముక్కలుగా ఇవ్వడు."

"అదే చెబుతున్నా. మొండిఘటం." గొంతు తగ్గించి అడిగాడు. "ఎలా ఉంది ఆయనకి?"

ఎర్మీనియో ట్యూబు నీళ్లలో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూస్తున్నాడు. చాగోకి నోరు ఊరుకోదు గాని మనసు మంచిదే. "పొండి, పొండి. అది నేను వేస్తాను. ఆ ముసలి చిలుకకి నా తరఫున కూడా టాటా చెప్పండి," అన్నాడు.

దారిలో రొట్టెల కొట్టు దగ్గర ఆగి, ప్రతి శనివారం లాగే ఒక పొడుగాటి మెత్తరొట్టె కొన్నాడు. అది చంకలో పెట్టుకుని, తురాయి చెట్ల కింద నుంచి నడిచాడు. పావుగంట నడక. ఆ పావుగంటా అతను ఒకటే అనుకున్నాడు: ఇవాళ చెప్పాలి. కారు వెళ్లేలోగా చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పేది లేదు.

చిలుక అంటే పిట్ట కాదు. డెబ్బై నాలుగో సంవత్సరపు టొయోటా కొరోలా, రెండు తలుపుల బుల్లి కారు. విల్బెర్తో రొసాదో దాన్ని తుప్పు పట్టిన దశలో తెచ్చుకున్నాడు. ఆయనకి కార్లకి రంగులు వేసే పని. వెనక సీటు పీకేసి, లోపల ఇనపగొట్టాల పంజరం కట్టి, చక్రాల గూళ్లు కోసి వెనక చక్రాలకి వెడల్పాటి టైర్లు ఎక్కించి, పద్దెనిమిది వందల సీసీ ఇంజను దించి, ఆ ఇంజనుకి గాలి చాలక బానెట్ మీద మూపురం లేపాడు. చివరగా మూడు రోజులు కూర్చుని ఒక పచ్చరంగు కలిపాడు. ఆ పచ్చ ఆ దీవిలో ఇంకే కారుకీ లేదు. వెనక అద్దం కింద ఎర్ర ముక్కుతో ఒక చిలుకని కూడా గీశాడు; ఆ బొమ్మ మాత్రం కోడిలా ఉంటుందని ఆయన భార్య నెరెయిదా ఇప్పటికీ అంటుంది.

పందెం పది సెకన్ల పని. చెరుకు తోటల పక్కనున్న రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. దీపం పచ్చబడగానే పావు మైలు తిన్నగా దూసుకుపోతాయి. ఆ పది సెకన్లకి ముందున్న పని ఎర్మీనియోది. నడిపేవాడు నీళ్ల మడుగులో వెనక టైర్లు గిర్రున తిప్పి, పొగలు లేపి, రబ్బరు వేడెక్కించి, గీత దాటి ముందుకి పోతాడు. అక్కణ్ణుంచి మళ్లీ తన అచ్చుల్లోనే వెనక్కి రావాలి. ఏళ్ల తరబడి రబ్బరు అంటుకుని నల్లబడ్డ దారి ఒక్కటే టైరుకి పట్టు ఇస్తుంది. దానికి జానెడు పక్కన ఉన్నది వట్టి సిమెంటు. కూర్చున్నవాడికి ఆ దారి కనబడదు. అందుకని కారు ముందు ఒక మనిషి నిలబడి చేతులతో చెబుతాడు. వెనక్కి. ఇంకా. కాస్త ఎడమకి. పిడికిలి బిగిస్తే ఆగమని. రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి ముందుకి తోస్తే తిన్నగా ఉంది, వెళ్లమని. ఇరవై రెండేళ్లు ఎర్మీనియో ఆదివారాలన్నీ చిలుక ముందు నిలబడ్డాడు. ఒక్కసారి కూడా లోపల కూర్చోలేదు. ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చుంటే చేటని అక్కడివాళ్ల నమ్మకం.

మైకు పట్టుకున్నవాడు ప్రతి పందానికీ విల్బెర్తో పేరు అరిచేవాడు. కారు పేరు అరిచేవాడు. ఎర్మీనియో పేరు మాత్రం ఆ ఇరవై రెండేళ్లలో ఒకే ఒక్కసారి వినబడింది. పదకొండేళ్ల కిందటి మాట, ఆ ఏటి చివరి పందెం. పొగ ఇంకా పూర్తిగా విడలేదు. చిలుక వెనక్కి వస్తోంది. ఉన్నట్టుండి మైకులోంచి, "ఆ ముందు నిలబడ్డ పెద్దమనిషి ఎర్మీనియో కోస్మె! ఆ చేతులకి కూడా చప్పట్లు కొట్టండయ్యా!" అని వచ్చింది. జనం కొట్టారు. ఎర్మీనియో తల తిప్పి మైకు గది వైపు చూశాడు. నవ్వాడు. రెండు సెకన్లు ఉంటుందేమో. ఆ రెండు సెకన్లలో అలవాటుపడ్డ చేతులు వాటంతటవే ఎదురెదురుగా వచ్చి, ముందుకి తోసేశాయి. తల ఇటు తిప్పేసరికి చిలుక నల్లదారికి జానెడు ఎడమగా ఉంది. మళ్లీ చెయ్యెత్తేలోగా దీపం పచ్చబడింది.

ఎడమ టైరు వట్టి సిమెంటు మీద జారింది. కారు అడ్డం తిరిగి గోడకి కొట్టుకుంది. ఇంజను పగిలింది, విల్బెర్తో తుంటి విరిగింది. ఆ తర్వాత ఆయన కర్ర పట్టుకుని నడిచాడు గాని పందెం మాత్రం మళ్లీ ఎక్కలేదు. చిలుక గారేజీలోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

గోడకెందుకు గుద్దింది అని ఊరంతా అడిగింది. విల్బెర్తో మనిషికొక జవాబు చెప్పాడు. ఒకరితో రోడ్డు మీద నూనె ఒలికిందన్నాడు, ఒకరితో ఇరుసు బోల్టు అన్నాడు, చర్చి ఫాదర్‌తో సముద్రపు గాలి అన్నాడు. ఎర్మీనియో మాత్రం నోరు విప్పలేదు. మొదట ఆసుపత్రిలో చెబుదామనుకున్నాడు. ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాడు. కర్ర వదిలేశాక చెబుదామనుకున్నాడు. ఆ కర్ర వదలకుండానే విల్బెర్తో ఊపిరితిత్తులు పోయాయి. ముప్పై ఏళ్లు ముక్కుకి గుడ్డయినా కట్టుకోకుండా రంగు చిమ్మితే పోక ఏం చేస్తాయి? ఇప్పుడు ఆయన వెనకగదిలో మంచం మీద, ముక్కులో గొట్టంతో ఉన్నాడు. ఇక వారాలేనని డాక్టరు నెరెయిదాకి చెప్పాడు. నెరెయిదా ఎర్మీనియోకి చెప్పింది. ఎవరూ చెప్పకపోయినా విల్బెర్తోకి తెలుసు.

అందుకే అమ్మకం. ఆ తీరంలో పందెపు మనిషి పోతే కారు కూడా పోతుంది. శవపెట్టె గడప దాటకముందే ఒకడు గేరుబాక్సు అడుగుతాడు, ఒకడు తలుపులడుగుతాడు. అందరూ జ్ఞాపకానికే అంటారు, కాదంటే విధవరాలిని గయ్యాళి అంటారు. నెల తిరిగేసరికి గూడు ఒక్కటే మిగులుతుంది. విల్బెర్తో తన స్నేహితుల కార్లన్నీ అలా పోవడం చూశాడు; రెండింటి నుంచి తనూ సామాను తెచ్చుకున్నాడు. చిలుక అలా పోకూడదన్నాడు. కూతురి చేత ఫోనులో ప్రకటన పెట్టించాడు: 'బాగుచేసుకోవాల్సిన ప్రాజెక్టు కారు. ఇంజను లేదు. మొత్తంగానే ఇవ్వబడును, ముక్కలుగా అడగవద్దు.' నా కళ్లెదుట, ఒంటి మీద చెయ్యి పడకుండా, గేటు దాటి పోవాలి. అదొక్కటే ఆయన కోరిక.

"ఆలస్యం చేశారు, కొంపాయ్," అన్నాడు విల్బెర్తో మంచం మీద నుంచి.

"తొమ్మిదిన్నరే కదండీ."

"నా లెక్కలో సాయంత్రమైనట్టే."

వీళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే వీధిలో కొట్టుకుంటూ పెరిగినవాళ్లు. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లు. విల్బెర్తో కూతురికి ఎర్మీనియో జ్ఞానస్నానపు తండ్రిగా నిలబడ్డ రోజు నుంచి ఒకరికొకరు కొంపాయ్ అయ్యారు. ఆ బంధం ఏర్పడ్డాక ఏకవచనం కూడదు. తిట్టుకున్నా మీరనే తిట్టుకోవాలి. "మీరు ఉత్త గాడిద, కొంపాయ్," అని విల్బెర్తో ముప్పై మూడేళ్లుగా మర్యాద తప్పకుండా తిడుతూ వచ్చాడు.

మనిషి చిక్కి సగమయ్యాడు. ఒకప్పుడు ఆరడుగుల మీద ఉండేవాడు. ఇప్పుడు దుప్పటి కింద పొడుగు మాత్రమే ఉంది, మనిషి లేడు. బుగ్గలు లోపలికి పోయాయి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు, కళ్లు మాత్రం ఆగడం లేదు. కిటికీలోంచి పెరట్లోకి, పెరట్లోంచి గారేజీ తలుపుల మీదికి పోతున్నాయి.

నెరెయిదా రొట్టె అందుకుంది. బొద్దుగా, గట్టిగా ఉండే మనిషి, రెండు నెలల్లో ఆవిడ మెడ కూడా సన్నబడింది. "కూర్చోండి కొంపాయ్, కాఫీ తెస్తాను. ఈయన పొద్దున్నుంచీ ఒక చుక్క కూడా మింగలేదు. నాలుగింటికే లేచి చిలుక చిలుక అని నా ప్రాణం తీస్తున్నాడు."

"పోయేది నా ప్రాణమే. నీది కాదు," అన్నాడు విల్బెర్తో.

ఆవిడ నవ్వకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఎర్మీనియో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. "కొంపాయ్, ఒక మాట చెప్పాలి."

"డబ్బు మాటయితే నెరెయిదాతో. దేవుడి మాటయితే ఫాదర్‌తో." ఊపిరి. "నాతో కారు మాట మాట్లాడండి."

"కారు మాటేనండీ."

విల్బెర్తో కళ్లు తిప్పి అతని ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏదో అనబోయాడు, దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గేలోపు గేటు దగ్గర బండి హారను మోగింది. "వచ్చాడు కొండమనిషి. వెళ్లండి," అన్నాడు విల్బెర్తో, కళ్లు తుడుచుకుంటూ. "తలుపులు గట్టిగా వేయనివ్వకండి. బిజాగరీలు పాతవి."

ఎర్మీనియో లేచాడు. లేచినందుకు కాస్త హాయిగా కూడా అనిపించింది. మనిషన్నవాడు అంతే.

వచ్చినాయన పేరు ఎలియేసెర్ బుర్గోస్. నలభై అయిదేళ్లుంటాయి. తలుపంత మనిషి, నవ్వితే ఒళ్లంతా నవ్వుతుంది. ట్రైలరు గేటు దగ్గర సందుకి ఎదురుగా పెట్టి, టోపీ వెనక్కి తిప్పుకుని పెరట్లోకి వచ్చాడు. ఎర్మీనియో గారేజీ తలుపులు తీసి, కారు మీది పూలదుప్పటి లాగాడు. పదకొండేళ్లకి కూడా ఆ పచ్చ మాయలేదు. ఎలియేసెర్ నవ్వు టక్కున ఆగిపోయింది.

"ఓరి దేవుడా," అన్నాడు మెల్లగా. తర్వాత అలవాటు కొద్దీ బేరగాడి గొంతు తెచ్చుకున్నాడు. "ఇంజను లేదు, రేడియేటరు లేదు, ఎడమ పక్క సొట్ట. మా ఆవిడ దీన్ని కారు అనదండీ, పూలకుండీ అంటుంది."

"అయితే ఆవిణ్ణి తీసుకురావాల్సింది! ఆవిడతోనే బేరం ఆడేవాణ్ణి," అన్నాడు విల్బెర్తో కిటికీలోంచి.

"వద్దు డోన్ విల్బెర్తో, ఆవిడొస్తే మీ చేత ఎదురు డబ్బులు ఇప్పిస్తుంది." ఎలియేసెర్ కిటికీ దగ్గరికి వచ్చి టోపీ తీశాడు. "నేను పదిహేనేళ్లప్పుడు దీన్ని చూశానండీ. మా నాన్న భుజం మీద కూర్చున్నట్టే ఉంది ఇప్పటికీ."

"పదిహేనేళ్ల వాణ్ణి భుజం మీదా? పాపం మీ నాన్న."

పెరట్లో నవ్వులు. నవ్వాక ఎలియేసెర్ సొట్ట మీద చెయ్యి వేసి అడిగాడు. "అయినా డోన్ విల్బెర్తో, ఇంత తిన్నగా పోయే కారు గోడకి ఎలా కొట్టుకుందండీ?"

ఎర్మీనియో దుప్పటి మడతపెడుతున్నాడు. చేతులు ఆగిపోయాయి.

"నా తప్పే," అన్నాడు విల్బెర్తో. ఊపిరి. "తొందరపడ్డాను."

ఈ జవాబు కొత్తది. నూనె కాదు, బోల్టు కాదు, గాలి కాదు. ఎర్మీనియో తల వంచుకుని దుప్పటి ఇంకొక మడత పెట్టాడు. మధ్యలో పడి నాదండీ, నా తప్పండీ అని అరిచేస్తే పోయేది.

"రంగు మార్చకు," అంటున్నాడు విల్బెర్తో.

"మార్చనండీ."

"ఒట్టు పెట్టు."

"మా అమ్మ మీద ఒట్టు."

"బతికుందా?"

"నిక్షేపంలా ఉందండీ."

"అయితే సరే."

ఇక కారు బయటికి తేవాలి. గారేజీ నోరు సరిగ్గా వెనకగది కిటికీకి ఎదురుగా ఉంటుంది. చిలుక అక్కణ్ణుంచి కిటికీ దాకా తిన్నగా వచ్చి, ఇంటి పక్క సందులోకి ఎడమకి తిరగాలి. సందు కారు కంటే రెండు జానలు వెడల్పు. వెనకనుంచి తోసేవాడు ఒకడుండాలి. లోపల కూర్చుని స్టీరింగు తిప్పుతూ బ్రేకు చూసుకునేవాడు ఇంకొకడుండాలి. ఎలియేసెర్ తలుపు తీసి సీటు చూశాడు, తన పొట్ట చూసుకున్నాడు.

"ఇందులో నా ఒక తొడ పడుతుందండీ. రెండోది బయట నడిచి రావాలి. మీరు కూర్చోండి పెద్దాయనా, నేను తోస్తాను."

ఎర్మీనియో ఒకడుగు వెనక్కి వేశాడు. "నేను కూర్చోకూడదు."

"ఏమండీ?"

"అది ఆయన సీటు."

"కూర్చోండి కొంపాయ్," అన్నాడు విల్బెర్తో.

"నేను కూర్చుంటే ముందు నిలబడేదెవరండీ?"

"నేను."

నెరెయిదా వద్దని మొత్తుకుంది. ఆయన వినలేదు. వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాడు. నెరెయిదా, ఎలియేసెర్ చెరో చంక కింద చెయ్యి వేసి ఆయన్ని మంచం మీంచి ఎత్తి కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. పసిపిల్ల బరువు కూడా లేడని ఎలియేసెర్ తర్వాత ఊళ్లో చెప్పుకున్నాడు. "నా దూరపు కళ్లద్దాలు తే," అన్నాడు విల్బెర్తో. నెరెయిదా తెచ్చి పెట్టింది. ఎర్మీనియో ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. విల్బెర్తో కిటికీ చువ్వల మధ్యనుంచి అతన్ని చూసి, ముప్పై మూడేళ్లుగా అనని మాట అన్నాడు.

"కూర్చోరా, ఎర్మీనియో."

కూర్చున్నాడు. సీటు పొడుగాటి మనిషి కోసం చేసింది. బ్రేకు అందుకోవడానికి ఎర్మీనియో ముందుకి జరగాల్సి వచ్చింది. చాలా లోతుగా ఉంది. లోపల పాత పెట్రోలు వాసన, చెమట వాసన. స్టీరింగు మీద చేతులు వేసి తలెత్తి చూశాడు.

నేల కనబడలేదు. పచ్చటి బానెట్, దాని మీద మూపురం, ఆపైన ఎదురుగా ఉన్న మనిషి. అంతే. రోడ్డు లేదు, గోడ లేదు, గీత లేదు. ఆ చట్రంలో విల్బెర్తో ముఖం ఎంత దగ్గరగా ఉందంటే, ఆయన గుటక వేస్తే గొంతులో కదలిక తెలుస్తోంది. కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఈ సీట్లో కూర్చున్నవాడికి ఎదుటి మనిషి ముఖం తప్ప లోకంలో ఇంకేమీ లేదు.

ఎర్మీనియోకి అప్పుడు తెలిసింది.

అయితే చూశాడన్నమాట. ఆ రోజు నేను తల తిప్పడం చూశాడు. నవ్వడం చూశాడు. ఎటో చూస్తూ చేతులు తోయడం చూశాడు. ఆ చేతులు చెప్పింది నమ్మడానికి లేదని ఆయనకి తెలుసు. తెలిసీ వెళ్లాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి జనం నా పేరు విని చప్పట్లు కొడుతుంటే, కారు ఆపి, తల అడ్డంగా ఊపి, ఇంత మందిలో నా చేతులు తప్పని చెప్పలేకపోయాడు. పదకొండేళ్లుగా మనిషికొక అబద్ధం చెబుతూ, ఆ ఒక్క నిజం తప్ప అన్నీ చెప్పాడు. నేను దాచుకున్నాననుకున్నది ఆయన నా కంటే జాగ్రత్తగా దాచాడు.

తలుపు తీసుకుని పరుగెత్తాలనిపించింది. కిటికీ చువ్వలు పట్టుకుని, ఎందుకు చేశారు కొంపాయ్, ఎందుకు వెళ్లారు అని అడగాలనిపించింది. కానీ వెనక ఎలియేసెర్ భుజం ఆనించి సిద్ధంగా ఉన్నాడు, ఎదురుగా విల్బెర్తో చెయ్యి అప్పుడే పైకి లేచింది. ఈ మలుపు తిరిగాక అడుగుతాను, అనుకున్నాడు. పదకొండేళ్లు ఆగినవాణ్ణి, రెండు నిమిషాలు ఆగలేనా?

చువ్వల మధ్యనుంచి రెండు చేతులు బయటికి వచ్చాయి. ఎముక మీద చర్మం తప్ప ఏమీ లేని చేతులు. వేళ్లు లోపలికి కదిలాయి. రా. ఇంకా రా. కారు కదిలింది. టైర్ల కింద ఎండుటాకులు నలిగాయి. కుడిచేయి కాస్త వాలింది. ఎర్మీనియో స్టీరింగు అంత వాల్చాడు. విల్బెర్తో నవ్వుతున్నాడు. ఒక్క సైగ కూడా తప్పలేదు. ఎన్నేళ్లు చూశాడో ఎర్మీనియో చేతుల్ని, అవే ఇప్పుడు ఆయనవి. ఎడమకి. ఇంకొంచెం ఎడమకి. ఇంకొంచెం. మెల్లగా.

పిడికిలి.

ఎర్మీనియో బ్రేకు తొక్కాడు. చిలుక కిటికీకి గజం దూరంలో, మూతి సందు వైపు తిప్పుకుని ఆగింది. ఇక మిగిలింది ఒక్కటే సైగ. రెండు అరచేతులు ఎదురెదురుగా రావాలి.

పిడికిలి కాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా కిందికి వచ్చి చువ్వ మీద ఆనింది. వేళ్లు విడివడ్డాయి. విల్బెర్తో నుదురు ఆ చేతి మీదికి వాలింది, అలసిపోయి ఒక్క క్షణం ఆగినట్టు.

"ఏమైంది పెద్దాయనా? తోయనా?" అన్నాడు ఎలియేసెర్ వెనకనుంచి.

"ఆగండి."

"తిన్నగానే ఉందిగా."

"ఆయన ఇంకా చెప్పలేదు," అన్నాడు ఎర్మీనియో.

బ్రేకు మీద కాలు తియ్యలేదు. కళ్లు తిప్పలేదు. ఈసారి ఎవరు పిలిచినా తల తిప్పేది లేదు. పక్కింట్లో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. కోడిపుంజు ఒకటి గారేజీలోకి వెళ్లి, ఖాళీ చూసి బయటికి వచ్చింది. గదిలో నెరెయిదా, "ముసలాయనా," అంది. కాసేపాగి మళ్లీ అంది. మూడోసారి ఆవిడ గొంతు మారింది.

ఎర్మీనియో మాత్రం ఇంకా ఆ చేతుల వంకే చూస్తున్నాడు.

ఎలియేసెర్ టోపీ తీసి, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు చేతులతో నలుపుతూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, నేను మళ్లీ వస్తాను. వచ్చే వారమో, ఆ పై వారమో. తొందరేం లేదు," అన్నాడు.

"వద్దు," అంది నెరెయిదా. ఆవిడ ఒక చేత్తో భర్త తల పట్టుకుని ఉంది. ఏడవడం లేదు, ఇంకా మొదలుపెట్టలేదు. "ఇప్పుడే తీసుకెళ్లండి. సాయంత్రానికి ఇల్లు నిండుతుంది. వచ్చినవాళ్లంతా అటే చూస్తారు. నేను కాదనలేను."

అందుకని తీసుకెళ్లారు. ఎర్మీనియో బ్రేకు మీద నుంచి కాలు తీశాడు. సందులో ముందు ఎవరూ లేరు. నేల కనబడలేదు, గోడలు కనబడలేదు. ఎలియేసెర్ తోస్తుంటే, ఎటు తిప్పాలో చెప్పే చేతులు లేకుండా, కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా స్టీరింగు పట్టుకున్నాడు. చిలుక ఎక్కడా గీసుకోలేదు. ట్రైలరు ఎక్కాక ఎలియేసెర్ పట్టీలు బిగించి, అతనికేసి చూసి, భుజం మీద చెయ్యి వేసి తీశాడు. బండి తురాయి చెట్ల కింద నుంచి పోతూ పోతూ మలుపు తిరిగింది. దుమ్ము పట్టిన ఆకాశం కింద ఆ పచ్చ ఒక్కటే చాలాదూరం కనబడింది.

అతను లోపలికి వెళ్లేసరికి నెరెయిదా వంటింట్లో కూతురికి ఫోను చేస్తోంది. విల్బెర్తో కుర్చీలోనే ఉన్నాడు, తల కిటికీకి ఆని. ఎర్మీనియో పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ చెవికి దగ్గరగా నోరు పెట్టాడు.

"కొంపాయ్, ఆ రోజు నేను అటు చూశాను," అన్నాడు. "నా పేరు పిలిస్తే చూశాను."

జవాబు వచ్చేటంతసేపు ఆగాడు. తర్వాత విల్బెర్తోని ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, వేళ్లు తిన్నగా సర్ది, ముఖం మీది కళ్లద్దాలు మెల్లగా తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. అవి ఖాళీ గారేజీ వైపు తిరిగి ఉన్నాయి, కుడి అద్దం మీద నల్లటి బొటనవేలి ముద్రతో.